పద్నాలుగు రోజుల కుర్చీ

నాన్న కుర్చీలోంచి లేవనంటున్నాడు.

పొద్దున టిఫిన్ దగ్గర కూతురు పితూరీ "ఇవాళ మసాజ్ కుర్చీ వెనక్కి పంపించేస్తున్నా" అన్నదే తడవు, చెయ్యి కడుక్కుని వచ్చి అందులో కూర్చున్నాడు. ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నర. మధ్యలో రెండుసార్లు మాత్రం లేచాడు. లేచిన రెండుసార్లూ బస్సులో తువ్వాలు వేసి సీటు కాచుకున్నవాడిలా వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళి, అలాగే చూసుకుంటూ వచ్చాడు.

"వ్యాను వాళ్ళొస్తే నాతో సహా ఎత్తుకెళ్ళమను" అన్నాడు. "అది నూట ఇరవై కిలోలు, నేను అరవై నాలుగు. మోసేవాడికి ఎలాగూ నడుం విరుగుతుంది, తేడా ఏం తెలుస్తుంది?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. అమ్మ వింటోందని అర్థం.

వ్యాను నాలుగుకీ అయిదుకీ మధ్య వస్తుంది. పద్నాలుగు రోజులు ఇంట్లో వాడి చూసుకోవచ్చు, నచ్చకపోతే వాళ్ళే వచ్చి పట్టుకుపోతారు, ఇవాళ అయిదు దాటిందా, కుర్చీ ఇక వీళ్ళదే. కొనుగోలు కాగితం మీద పేరు పితూరీది కాబట్టి మాట చెప్పాల్సింది కూడా తనే.

అసలు పేరు సర్టిఫికెట్ల మీద ఉంది. ఇంట్లో మాత్రం అయిదో ఏటి నుంచీ పితూరీయే. ఎవరు బలపం కొరికారు, ఎవరు పాలు కుండీలో పారబోశారు, ఎవరు పరీక్షలో పక్కవాళ్ళది చూశారు, ఇవన్నీ సాయంత్రానికల్లా పెద్దవాళ్ళకి చేరవేసేది. పెద్దయ్యాక అదే పనికి ఒక కంపెనీ నెలనెలా జీతం ఇస్తోంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఏది ఎక్కడ చెడిందో వెతికి పట్టుకుని, నంబరు వేసి, పైవాళ్ళకి చెప్పడం తన ఉద్యోగం.

కాబట్టి కుర్చీ ఇంటికి వచ్చిన రోజునే కంప్యూటర్లో ఒక పట్టిక తయారుచేసుకుంది. ముప్పై ఒక్క పరీక్షలు. ఎంత చప్పుడు చేస్తోంది, వీపు దగ్గర ఎంత వేడెక్కుతోంది, పిక్కల దగ్గర గాలిసంచులు ఎంత గట్టిగా పట్టుకుంటున్నాయి, ఆపమని నొక్కాక ఎన్ని క్షణాలకి ఆగుతోంది. అరవై నాలుగు పేజీల వివరాల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివింది. ఆ పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివింది, రాసినవాడి తర్వాత బహుశా తనొక్కతే.

మొదటి లోపం కుర్చీది కాదు, నాన్నది. ఇంట్లోనే దుకాణం పెట్టుకుని ముప్పై నాలుగేళ్ళుగా దర్జీ పని చేస్తున్న మనిషి. పడగ్గది గుమ్మం ఆయనే టేపు పెట్టి కొలిచాడు. చొక్కా కొలిచిన అలవాటు కొద్దీ రెండంగుళాలు వదులు కలిపి చెప్పాడు. మనిషైతే ఊపిరి పీల్చుకోడానికి ఆ రెండంగుళాలూ కావాలి. గుమ్మం ఊపిరి పీల్చదు. మోసుకొచ్చిన నలుగురూ గుమ్మంలో అరగంట కుస్తీ పట్టి, చివరికి కుర్చీని ముందుగదిలోనే, ట్రయల్ అద్దానికి ఎదురుగా దింపేసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ ఇంట్లోవాళ్ళూ ఖాతాదార్లూ అందరూ పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని నడుస్తున్నారు.

అమ్మ మొదటి రోజు నాలుగంటే నాలుగు నిమిషాలు కూర్చుని లేచిపోయింది. నడుం నొప్పి పోలేదు గానీ సిగ్గు పోయిందనీ, ముక్కూమొహం తెలియని యంత్రం ఒళ్ళంతా అలా తడమడమేమిటనీ సణిగింది. మర్నాడు కూడా సణిగింది. అలాంటిది నాలుగో రోజుకల్లా మాట మార్చేసింది. ఉండనీ, మీ నాన్నకి సుఖంగా ఉంది కదా అంది. అయిదో రోజు నుంచి భోజనం కాగానే నాన్నని తనే కుర్చీలోకి తరమడం మొదలుపెట్టింది.

కారణం లేకుండా ఏదీ మారదన్నది పితూరీ ఉద్యోగంలో మొదటి పాఠం. అది కూడా పట్టికలో రాసుకుంది.

కానీ తనని నిజంగా తికమక పెట్టింది ఏడో లోపం. ఈ కుర్చీ పని మొదలుపెట్టే ముందు లోపలి రోలర్లతో వీపు కింది నుంచి పైదాకా తడుముకుంటూ వెళ్ళి, భుజాలు ఎక్కడున్నాయో చూసుకుంటుంది. ఫోన్ తెర మీద మనిషి బొమ్మ, రెండు భుజాల దగ్గర రెండు ఆకుపచ్చ చుక్కలు. అమ్మకి చుక్కలు సమంగా వచ్చాయి. తనకీ సమంగానే. నాన్నకి చొక్కాతో కూర్చుంటే సమంగా, బనీనుతో కూర్చుంటే కుడి చుక్క కిందికి. ఒకే మనిషికి రెండు కొలతలు. అది కుర్చీ తప్పేనని కంపెనీకి రాసి పంపింది.

నిన్న మెకానిక్ వచ్చాడు. చొక్కాతో కూర్చున్నాడు, చొక్కా విప్పి కూర్చున్నాడు, పితూరీ స్వెట్టరు అడిగి వేసుకుని కూడా కూర్చున్నాడు. ప్రతిసారీ చుక్కలు గీత గీసినట్టు ఒకే చోట. సంచి సర్దుకుంటూ, మెషిన్లో ఏ తప్పూ లేదు మేడమ్, మనిషిని చూపించుకోండి అన్నాడు. అతని మీద కూడా ఫిర్యాదు రాయాలన్నంత కోపం వచ్చింది తనకి.

ఇవాళ పొద్దున దండెం మీది బట్టలు తియ్యబోతే, నాన్న చొక్కాకి ఎడమ భుజం ఆరిపోయి, కుడి భుజం ఇంకా తడిగా ఉంది.

నాన్న చొక్కాలు నాన్నే కుట్టుకుంటాడు. లోపలి వైపు తిప్పి రెండు కుట్లు విప్పింది. దళసరి గుడ్డ, మూడు పొరలు. బీరువాలోంచి ఇంకో రెండు చొక్కాలు తీసి చూసింది. నిరుటి చొక్కాకి ఒక పొర. మొన్న వానాకాలంలో కుట్టుకున్నదానికి రెండు. కిందికి జారుతున్న భుజాన్ని ఎవరి కంటా పడకుండా పొర మీద పొర వేసి పైకి లేపుకుంటూ వస్తున్నాడు. ఏ నెలకి ఎంత జారిందో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు, చొక్కాలే చెబుతున్నాయి.

నరాల డాక్టరు దగ్గరికి ఫోన్ చేస్తే అక్కడి నర్సు రెండే ప్రశ్నలు అడిగింది. తిమ్మిరి ఉందా? పట్టు తగ్గుతోందా? రెండోది అవునైతే ఇంక తాత్సారం చెయ్యకండి, ఆలస్యం చేస్తే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు అంది. సాయంత్రం అయిదున్నరకి సమయం రాసుకుంది.

ఆ తర్వాతే టిఫిన్ దగ్గర కుర్చీ పంపించేస్తున్నానంది. ఎందుకో చెప్పలేదు. అమ్మ ముందు చెప్పడానికి నోరు రాలేదు.

*

ఇప్పుడు పితూరీ స్టూలు లాక్కుని కుర్చీ పక్కన కూర్చుని, ఆ చొక్కాని తిరగేసి నాన్న ఒళ్ళో పెట్టింది.

నాన్న దాన్ని చూశాడు. వంటగది వైపు చూశాడు. చొక్కాని తొడ కింద దోపేసుకున్నాడు.

"ఎవరు విప్పారు?"

"నేనే. రెండు కుట్లే."

"బ్లేడుతో విప్పావా?"

"ఊఁ."

"గుడ్డ చిరుగుతుందని వందసార్లు చెప్పాను."

"నాన్నా, మొదటి రోజు నిన్ను తొమ్మిది ప్రశ్నలు అడిగాను. కుర్చీతో వచ్చిన పుస్తకం అడగమంది కాబట్టి అడిగాను. ఆరోది గుర్తుందా?"

నాన్న గోడ మీది క్యాలెండర్ని చూస్తూ అన్నాడు. "చేతుల్లో తిమ్మిరి ఉందా అని."

"లేదన్నావు."

"ఎడం చేతికి లేదు."

పితూరీకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు మధ్యలోనే ఎటో పోయింది. నాన్న కుడి చెయ్యి కుర్చీ చేతి మీద బోర్లా పడుకుని ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ పల్లమైపోయి ఉంది. రోజూ చూస్తున్న చెయ్యే. రోజూ చూస్తున్నామన్న ధీమాతో ఎన్నాళ్ళుగా చూడటం మానేసిందో తను.

గొంతు తగ్గించి, ఒక్కో ముక్కా చెప్పాడు. నిరుడు మొదట చీమలు పాకినట్టుండేదట. తర్వాత చేతికి ఎవరో తొడుగు వేసినట్టు అయిందట. ఇప్పుడు సూది పట్టుకుంటే చేతిలో ఉందో లేదో కళ్ళతో చూసి తెలుసుకోవాలి. కత్తెర రెండుసార్లు జారి కింద పడింది. టేబుల్ కింద పాత దుప్పటి పరిచాడు, చప్పుడు వినపడకుండా.

"డాక్టరు దగ్గరికి ఎందుకెళ్ళలేదు?"

"వెళ్తే మొదట అనే మాట నాకు తెలుసు. పని ఆపండి అంటాడు." వేళ్ళు ముడవబోయి వదిలేశాడు. "కుర్చీ ఆ మాట అనదు కదా."

"అంది. ఏడో పేజీలో, తిమ్మిరి ఉన్నవాళ్ళు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలని."

"పుస్తకం అంది. కుర్చీ అనలేదు."

సాయంత్రం లాయరు గారి నల్ల కోటు ట్రయల్ ఉందట. ఆరింటికి వస్తారట. అది అయ్యాక, ఇంకో రెండు కోట్లు కుట్టి ఇచ్చాక, ఆ తర్వాత చూద్దామట. ఈలోగా కుర్చీ ఇంట్లో ఉంటే దానంతట అదే తగ్గుతుందట.

"నీ పరీక్షలో దీన్ని పాస్ చేసెయ్ తల్లీ" అన్నాడు. "మీ అమ్మకి మాత్రం చెప్పకు. మీ మావయ్య చొక్కా గుడ్డ పట్టుకొచ్చిన రోజు, నేను సుద్దగీత లేకుండా కత్తిరిస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది. ఆ చూపు మీదే పెళ్ళికి ఒప్పుకుంది. నాలో దానికి నచ్చింది అదొక్కటే."

అది నిజం కాదనీ, అమ్మకి నాన్నలో నచ్చనివే ఎక్కువనీ, అయినా ఇన్నేళ్ళూ ఉందనీ చెప్పాలనిపించింది పితూరీకి. దానికి బదులు తనకి బాగా చేతనైన మాటే అంది.

"పద్నాలుగు రోజుల్లో చుక్క ఒక్క గీత పైకి రాలేదు నాన్నా. కిందికి దిగింది."

నాన్న ఎడం చేత్తో బొత్తం నొక్కాడు. కుర్చీ మూలిగి వెనక్కి వాలింది, కాళ్ళు పైకి లేచాయి, గాలిసంచులు పిక్కల్ని పట్టుకున్నాయి. కళ్ళు మూసుకున్నాడు. ఇష్టం లేని మాటనుంచి తప్పించుకోడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ ఇంట్లోనూ ఉండదు.

పితూరీ ఫోన్ తీసి, వీపు రోలర్లన్నిటినీ ఆపేసి, కాళ్ళ వరకు మాత్రం ఉంచింది. నాన్న ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు. తెర మీద మిగిలిన సమయం ఇరవై ఎనిమిది నిమిషాలని చూపిస్తోంది.

*

అమ్మతో ఎలా మొదలుపెట్టాలా అనుకుంటూ వంటగదిలోకి వెళ్తే అమ్మ లేదు. సబ్బు నురగతో సగం గిన్నెలు అలాగే ఉన్నాయి. కుట్టుగది తలుపు దగ్గరగా వేసి ఉంది.

తోసింది.

అమ్మ, నాన్న కూర్చునే స్టూలు మీద కాకుండా నేల మీద, చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో లాయరు గారి నల్ల కోటు. ఒక స్లీవ్ ఊడదీసి పక్కన పెట్టి ఉంది. వేలికి నాన్న ఇత్తడి తొడుగు, అది వదులుగా ఉందని కింద చుట్టిన గుడ్డపీలిక.

"తలుపు వెయ్యి" అంది తలెత్తకుండా. "ఎన్ని నిమిషాలు పెట్టాడు?"

"ఇరవై ఎనిమిది."

"చాలదు. పొద్దుట్నుంచీ కుడితే ఒకటి అయింది, రెండోది కూడా కుట్టాలి."

పితూరీ తలుపు వేసి దానికే ఆనుకుని నిలబడింది. ఊడదీసిన స్లీవు అంచున నాన్న కుట్టు ఇంకా కనిపిస్తోంది. నాన్న కుట్టంటే పుస్తకంలో అచ్చు వేసినట్టుండాలి. ఇది మూడో తరగతి పిల్ల చేతిరాతలా ఉంది.

ఎనిమిది నెలలుగా ఇదేనట. మొదట ఒక కాలరు, తర్వాత ఒక జేబు, తర్వాత స్లీవులు. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని కాజాలు, గుండీలు, అంచులు కుట్టిన చెయ్యి. మిగతాదంతా చూస్తూనే వచ్చేసిందట. పగలు ఆయన ఇంట్లో లేనప్పుడు విప్పి మళ్ళీ కుట్టేది. ఆయన్ని ఇంట్లోంచి కదిలించడానికి దారం తెమ్మని బజారుకి పంపేది. ఇంట్లో పదకొండు నీలం రీళ్ళు ఎందుకున్నాయో పితూరీకి ఇప్పుడు తెలిసింది. అంతలో కుర్చీ వచ్చింది. నాలుగో రోజు గమనించిందట, అందులో కూర్చున్న మనిషి అరగంట దాకా లేవలేడని.

"అందుకా ఉంచుకుందామన్నావు?"

"మరి? కాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టే మనిషి దొరికితే వదులుకుంటానా?" దారం పళ్ళతో తెంపింది. "మంచి కుర్చీ. నాకేం ఫిర్యాదు లేదు."

"నాన్న చెయ్యి సంగతి నీకు ముందే తెలుసా?"

"చొక్కాలు ఉతికేది ఎవరనుకున్నావు?"

ఫ్యాను గాలికి టేబుల్ మీది కాగితాలు లేచి పడ్డాయి. మరి ఇన్నాళ్ళూ ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదని అడిగింది పితూరీ. అడిగిన తీరు తనకే నిలదీస్తున్నట్టు వినిపించింది.

అమ్మ సూది ఆపింది.

"చెయ్యి చూపించుకుందాం అంటే, నా చేతికేమైందంటాడు. పట్టు పోయిందంటే, నీకెలా తెలుసంటాడు. ఎలా తెలుసో చెప్పాలిగా? మీరు కుట్టినవన్నీ నేను మళ్ళీ కుడుతున్నాను అని చెప్పనా? ఆ మాటతో మనిషి మిగులుతాడా?" మళ్ళీ సూది గుచ్చింది. "ఆయన నోటితో ఆయన చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. నువ్వూ చెప్పకు."

పుట్టి బుద్ధెరిగాక పితూరీకి ఎవరూ రహస్యం చెప్పి దాచమనలేదు. దాచదని ఊరందరికీ తెలుసు. అలాంటిది ఒక్క పూటలో ఇద్దరు. ఒకరికి తెలియకూడదని ఇంకొకరు, ఇంకొకరికి తెలియకూడదని ఒకరు. ఇద్దరికీ తెలిసిందే. ఇద్దరూ కలిసి అపురూపంగా దాచిపెడుతుంటే, మధ్యలో ఆ చెయ్యి రోజుకింత పోతోంది.

ఈ కుర్చీ మసాజ్ కోసం కావాల్సినవాళ్ళు ఈ ఇంట్లో ఒక్కళ్ళు కూడా లేరు. ముప్పై ఒక్క పరీక్షల్లో అది తనకి తట్టలేదు.

"అమ్మా, అయిదున్నరకి..." అని ఏదో చెప్పబోతుండగా ఫ్యాను నెమ్మదించింది. రెక్కలు ఒకటొకటిగా కనిపించి, ఆగిపోయాయి.

కరెంటు పోయింది.

ముందుగదిలో కుర్చీ రొద కూడా ఆగింది. తర్వాత నాన్న పిలిచాడు, "ఏమే" అని. మామూలు పిలుపే. రెండోసారి పిలిచేసరికి గొంతు మారింది.

అమ్మ లేచి పరుగెత్తింది. చేతిలో ఉన్నది కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా.

*

కుర్చీ వాలినది వాలినట్టే ఆగిపోయింది. తల కిందికి, కాళ్ళు పైకి. గాలిసంచులు వదిలేశాయి. నాన్న లేవబోయినట్టున్నాడు. కుడి చేతి మీద బరువు వేసి ఉంటాడు. ఆ చెయ్యి నిలబడలేదు. పక్కకి ఒరిగిపోయి, మోచెయ్యి సీటుకీ కుర్చీ చేతికీ మధ్య ఇరుక్కుని, వెల్లకిలా పడిన పురుగులా ఉన్నాడు.

"కదలకండి, ఉండండి" అంటూ అమ్మ ఆయన భుజం కింద చెయ్యి పెట్టి ఎత్తింది. పితూరీ రెండో వైపు పట్టుకుంది. మోచెయ్యి బయటికి వచ్చింది. దెబ్బ ఏమీ తగల్లేదు.

అప్పుడు చూశాడు నాన్న. అమ్మ చేతి మీద వేలాడుతున్న కోటుని. ఒక్క స్లీవు కోటుని. వేలాడుతున్న దారం చివర సూది ఆయన ముక్కు ముందు ఊగుతోంది.

పక్కింట్లో ఎవరో కరెంటు వాళ్ళని తిడుతున్నారు.

"ఎన్నోది ఇది?" అన్నాడు నాన్న.

అమ్మ కోటు వైపు చూసుకుంది. "కోట్లలోనా, అన్నీ కలిపా?"

నాన్న కళ్ళు మూసుకున్నాడు. కుర్చీ నడుస్తోందేమో అన్నట్టు అలాగే ఉన్నాడు కాసేపు. తర్వాత ఒక్కొక్కటే అడిగాడు. ఎదురింటి నర్సమ్మ జాకెట్టు? అమ్మ తలూపింది. హెడ్‌మాస్టరు సూటు?

"స్లీవులూ కాలరూ. మిగతాది మీదే."

ఆ సూటు గురించి వీధి చివరి దాకా చెప్పుకుని వారం రోజులు మురిసిన మనిషి. మీ చేతిలో ఏముందో గానీ అని హెడ్‌మాస్టరు అన్న మాటని భోజనాల దగ్గర మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ అమ్మ వడ్డిస్తూ విన్నది.

"ఇలా పట్రా" అన్నాడు.

అమ్మ కోటు ఒళ్ళో పెట్టింది. ఉన్న ఒక్క స్లీవునీ భుజం అంచు మీద కుడి బొటనవేలితో తడమబోయి, ఆగి, ఎడం చెయ్యి మార్చుకున్నాడు. పైనుంచి చంక దాకా మెల్లగా వచ్చింది ఆ వేలు. ఒక చోట నిలిచింది.

"ఇక్కడ దారం ఎక్కువ లాగావు."

"అక్కడికొచ్చేసరికి వేలు నొప్పెట్టింది."

నాన్న అమ్మ వేలి వైపు చూశాడు. గుడ్డపీలిక చుట్టుకున్న ఇత్తడి తొడుగు వైపు.

"ఎందుకు చెప్పలేదు?"

"మీరెందుకు చెప్పలేదు?"

పితూరీ గొంతు సవరించుకుంది. ఇంక దాచడానికి తన దగ్గరా ఏమీ మిగల్లేదు. "అయిదున్నరకి నరాల డాక్టరు దగ్గర సమయం తీసుకున్నాను."

"తెలుసు" అన్నాడు నాన్న. "పొద్దున నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను."

పొద్దుట్నుంచీ ఈ బైఠాయింపు కుర్చీ కోసం కాదన్నమాట. లేస్తే ఎక్కడికి తీసుకెళ్తారో అని.

అప్పుడే తలుపు తట్టిన చప్పుడైంది. జవాబు కోసం చూడకుండానే లాయరు గారు లోపలికి వచ్చేశారు. బెల్లు మోగలేదనీ, కోర్టు పని తొందరగా తెమిలిందనీ, ఆరింటిదాకా ఆగడమెందుకని వచ్చేశాననీ గడగడా చెబుతూ, కుర్చీని తప్పించుకుని పొట్ట లాక్కుని, పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ తిన్నగా వెళ్ళి అద్దం ముందు నిలబడ్డారు. ఒంటి మీది కోటు విప్పి వంకీకి తగిలించారు. వీళ్ళకి వీపు పెట్టి, చేతులు రెండూ కొంచెం ఎడంగా చాపారు.

ఈ ఇంట్లో ఖాతాదారుకి ట్రయల్ వేసేది నాన్న ఒక్కడే. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని, మనిషి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, భుజం మీద అరచేత్తో ఒక్క తట్టు తడతాడు. ముప్పై నాలుగేళ్ళలో ఆ తట్టు ఇంకో చేతికి ఇవ్వలేదు.

నాన్న కోటు తీసి అమ్మ చేతుల్లో పెట్టాడు.

"నువ్వు వెయ్యి" అన్నాడు మెల్లగా.

"నేనా?"

"కుట్టినవాళ్ళే వెయ్యాలి. అదీ పద్ధతి."

అమ్మ మొహం చూస్తే ఏడుస్తుందేమో అనిపించింది పితూరీకి. కానీ అమ్మ కోటుని ఛాతీకి అదుముకుని, ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"మీరు ఆస్పత్రికి బయల్దేరండి. వేస్తాను."

"నువ్వు వెయ్యి. చూసి బయల్దేరతాను."

"చెప్పులు వేసుకుని గుమ్మం దాటితే గానీ నేను సూది ముట్టుకోను."

"నువ్వు ఆయన భుజం మీద కోటు పెడితే గానీ నేను ఈ కుర్చీ దిగను."

ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు ఇంత సూటిగా జవాబు చెప్పుకోవడం పితూరీ చూడలేదు. ఎవరిదీ పెద్ద గొంతు కాదు. ఎవరూ ఒక్క అంగుళం కదలడం లేదు. గోడ గడియారం నాలుగు దాటింది. వీధి మొగలో ఏదో పెద్ద బండి వెనక్కి వస్తున్న కూత. ఆ వెంటే పితూరీ చేతిలో ఫోన్ మోగడం మొదలైంది.

లాయరు గారు చేతులు అలాగే చాపి, అద్దంలోంచి ముగ్గురినీ మార్చి మార్చి చూశారు.

"ఎవరు వేస్తున్నారండీ?"